ఇది సాధనలో పురోగతా, జబ్బా? ధ్యానం చేసే ఒక మనిషి దుఃఖం గురించి కేస్ స్టడీ

వచ్చిన రోజు

"మేడమ్, ఇది సాధనలో పురోగతా, జబ్బా? రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పండి, చాలు."

కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఆయన అడిగింది ఇదే. వయసు 46. లెక్కలు చూసే ఉద్యోగం. భార్య, పదిహేనేళ్ల కూతురు. పన్నెండేళ్లుగా పొద్దున ఒక గంట, రాత్రి ఒక గంట ధ్యానం. ఒక్కరోజు కూడా మానలేదని చెప్పేటప్పుడు గొంతులో గొప్పేమీ లేదు, హాజరు పట్టీ చదివినట్టు చెప్పారు. (నేను థెరపిస్టును. ఆయనను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ మార్చాను. ఈ రాతను ఆయన చదివారు. రెండు చోట్ల దిద్దించి, ఇక సరే అన్నారు.)

ఎనిమిది నెలలుగా రాత్రి ధ్యానంలో కూర్చున్న పది పదిహేను నిమిషాలకు గొంతు బిగుసుకుపోతోంది, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు. కుడిచెయ్యి ఉన్నట్టుండి పక్కకు ఎగురుతుంది. కొన్ని రాత్రులు మెడ కింద ఒళ్లు ఉన్నట్టే తెలియదు. లేచాక గంటసేపు గుండె దడ, ఆ తర్వాత నిద్ర పట్టదు.

నా దగ్గరికి రాకముందే ఆయన దగ్గర మూడు అభిప్రాయాలున్నాయి. ధ్యాన బృందంలో పెద్దాయన "కుండలిని కదులుతోంది, అదృష్టవంతుడివి, ఆపకు" అన్నారు. చూసిన డాక్టరుగారు "స్ట్రెస్, ఈ మాత్ర వేసుకోండి, ఆ ధ్యానాలూ గీనాలూ కొన్నాళ్లు పక్కన పెట్టండి" అన్నారు. మూడోది భార్య చెప్పింది, అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడు నాతోనే: "వాళ్ల తమ్ముడు పోయి పద్నాలుగు నెలలైందండీ. ఈయన ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు."

తమ్ముడి సంగతి ఆయనంతట ఆయన ఎత్తలేదు. కుటుంబంలో ఎవరెవరున్నారని నేను అడిగితే, సెషన్ ముగిసే ముందు బయటికొచ్చింది. రోడ్డు ప్రమాదం. తమ్ముడికి 39. "ఆ జీవుడు శరీరం వదిలాడు" అన్నారు. మీకెలా అనిపించిందని అడిగాను.

"బాధ వచ్చింది. చూశాను. పోయింది."

తర్వాతి ఎనిమిది నెలలూ మేము తిరిగింది ఈ మూడు ముక్కల చుట్టూనే.

ముందు తోసిపుచ్చాల్సినవి

చెయ్యి ఎగురుతోందంటే ముందు ఒంటి సంగతి చూడాలి. అది మూర్ఛ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మందుల ప్రభావం కావచ్చు. న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపాను. ఈఈజీ, రక్త పరీక్షలు, ఈసీజీ అన్నీ మామూలుగానే వచ్చాయి. చెయ్యి ఎగిరేటప్పుడు స్పృహ పోవడం లేదు. పగలు పని చేసుకునేటప్పుడు గానీ నిద్రలో గానీ రావడం లేదు. సైకియాట్రిస్ట్ కూడా చూశారు. వినిపించని గొంతులు వినిపించడం, తనకేదో ప్రత్యేకమైన పని అప్పగించారన్న నమ్మకం, నిద్ర లేకపోయినా తగ్గని హుషారు, ఇవేవీ లేవు. "జబ్బేమో" అని తనను తాను అనుమానించగలుగుతున్నారు, అది మాకు కాస్త ధైర్యం ఇచ్చిన సంగతి. ఇంతకు ముందు డాక్టరుగారు రాసిన మాత్ర ఆయన వేసుకోనే లేదు. సైకియాట్రిస్ట్‌తో మాట్లాడి, ప్రస్తుతానికి మందు లేకుండా చూద్దాం, నిద్ర ఇంకా చెడితే మళ్లీ ఆలోచిద్దాం అనుకున్నాం.

సాధకులతో పని చేసేటప్పుడు ఒక ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆయన రెండుసార్లు "ఈ దేహం ఎప్పుడు పోయినా పరవాలేదు" అన్నారు. ఆధ్యాత్మిక భాషలో అది మామూలు మాటే. ఆత్మహత్య గురించి ఆలోచిస్తున్న మనిషీ సరిగ్గా అదే మాట అనగలడు. వైరాగ్యమేలే అని వదిలేయకూడదు. నేరుగా అడిగాను: "చనిపోవాలని అనిపిస్తోందా? దానికోసం ఏమైనా ఆలోచించి పెట్టుకున్నారా?" ఆయన కాసేపు ఆలోచించి, "లేదు. కూతురి చదువు ఉంది. కానీ పోతే బాగుండు అని రెండు మూడుసార్లు అనిపించింది" అన్నారు. వైరాగ్యపు మాట వెనక ఉన్న ఈ రెండో వాక్యం, అడక్కపోతే వచ్చేది కాదు. దాన్ని నోట్స్‌లో పెట్టుకుని ప్రతి సెషన్‌లోనూ మళ్లీ అడిగాను.

డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 12 వచ్చింది, ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 15. అంటే డిప్రెషన్ మధ్యస్థంగా, ఆందోళన గట్టిగానే ఉంది. దీర్ఘకాలపు దుఃఖాన్ని ఒక రుగ్మతగా గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు గడవాలంటుంది. అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎంకు 2022లో వచ్చిన సవరణ పెద్దవాళ్లకు పన్నెండు నెలలంటుంది. కాలం లెక్క సరిపోయింది. కానీ ఆ నిర్ధారణకు వెన్నెముక లాంటిది పోయినవాళ్ల కోసం తపన, లేదా వాళ్ల ఆలోచనే ఎడతెగకుండా ఉండటం. ఈయనలో అది కనబడలేదు. లేదా కనబడనంత లోపల ఉంది. కాబట్టి ఆ లేబుల్ వెయ్యలేదు.

మరి పెద్దాయన చెప్పిన కుండలిని సంగతి? దాన్ని నవ్వి కొట్టిపారేసే రోజులు పోయాయి. 1994లో వచ్చిన డీఎస్ఎం నాలుగో ముద్రణలోనే 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అని ఒక విభాగం చేరింది. జబ్బుగా కాదు, పట్టించుకోవాల్సిన పరిస్థితిగా. 2017లో లిండాల్, బ్రిటన్ అనే పరిశోధకుల బృందం పాశ్చాత్య బౌద్ధ సాధకులతోనూ గురువులతోనూ మాట్లాడి, ధ్యానంలో ఎదురయ్యే ఇబ్బందికరమైన అనుభవాలను 59 రకాలుగా విడదీసింది. తమంతట తామే కదిలే అవయవాలు అందులో ఉన్నాయి. ఒళ్లు ఉన్నట్టే తెలియకపోవడం ఉంది. కాబట్టి ధ్యానంలో ఇలాంటివి జరుగుతాయన్నది నిజమే. అవి ఎవరికి ఎందుకు జరుగుతున్నాయన్నది వేరే ప్రశ్న.

నేను చేసిన తప్పు

మూడో సెషన్‌లో నేనూ ఆ డాక్టరుగారి మాటే అన్నాను, కాస్త మెత్తగా. రెండు వారాలు ధ్యానం పూర్తిగా ఆపి చూద్దాం, లక్షణాలు తగ్గుతాయేమో అన్నాను. ప్రయోగం అని పేరు పెట్టాను. ఆయన బుద్ధిగా తలూపారు.

తర్వాతి రెండు సెషన్లకు రాలేదు. మూడోదానికి వచ్చేసరికి కళ్ల కింద నల్లగా ఉంది. చెయ్యి ఎగరడం ఆగింది, ఎగరడానికి ధ్యానమే లేదు కదా. కానీ రాత్రి మూడు గంటల దాకా నిద్ర లేదు, ఆఫీసులో ఒక లెక్క రెండుసార్లు తప్పు చేశారు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. "మీరు చెప్పినట్టే ఆపాను మేడమ్" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నా సూపర్‌వైజర్ ఒక్కమాటలో తేల్చేశారు: "కాలు విరిగినవాడి చేతికర్ర లాగేశావు."

ఎందుకలా చేశానని తర్వాత ఆలోచించాను. మా శాస్త్రానికి ఈ విషయంలో పాత అలవాటు ఒకటుంది. 1927లో ఫ్రెంచ్ రచయిత రొమైన్ రోలాండ్, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌కు ఉత్తరం రాసి, మతాల వెనక సముద్రంలా హద్దుల్లేని ఒక అనుభూతి ఉంది, దాన్ని మీరు పట్టించుకోలేదు అన్నాడు. 1930లో ఫ్రాయిడ్ జవాబు అచ్చులో వచ్చింది. అలాంటి అనుభూతి నాలో నాకు కనబడలేదు, అది బహుశా పసితనంలో తల్లికీ తనకీ తేడా తెలియని దశ మిగిల్చిన అవశేషం అన్నాడు. అప్పటికే ఎనిమిదేళ్లుగా కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ సంఘం నడుపుతూ, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించే స్థాయిలో ఉన్నాడు. ఆ సంభాషణ మా పాఠాల్లోకి పెద్దగా రాలేదు. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో ధ్యానంతో ఒత్తిడి తగ్గించే కోర్సు మొదలుపెట్టాక గాలి తిరిగింది. పసితనపు అవశేషం అనుకున్నది మందు అయింది. ధ్యానాన్ని జబ్బుగా చూడటం, మందుగా చూడటం, ఈ రెండు అద్దాలే నాకు శిక్షణలో ఇచ్చారు. నా ముందు కూర్చున్న మనిషికి ధ్యానం ఈ రెండూ కాదు. అది ఆయన ఇల్లు. ఆ ఇంట్లో ఒక గది తాళం వేసి ఉంది.

క్షమాపణ చెప్పి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆపడం కాదు, మార్చడం. గంట బదులు ఇరవై నిమిషాలు. కళ్లు సగం తెరిచి. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆన్చి. రాత్రిపూట కూర్చోవడం బదులు గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా నడక. బౌద్ధంలో నడక ధ్యానం పాతదే కాబట్టి "ఇదేదో మీ థెరపీ వాళ్ల పద్ధతి" అని ఆయనకు అనిపించలేదు. వారంలో నిద్ర కాస్త కుదుటపడింది.

అహం అనే మాటతో వచ్చిన చిక్కు

ఆయన భయం ఇంకొకటి ఉంది, అది ఐదో సెషన్‌లో బయటపడింది. "థెరపీ అంటే నా బాధ, నా కోపం, నా గతం అంటూ అన్నీ 'నా' కదా మేడమ్. పన్నెండేళ్లు అహం తగ్గించుకుంటూ వస్తే, మీరు మళ్లీ పెంచుతారు."

ఈ అపార్థంలో సగం అనువాదకులది. ఫ్రాయిడ్ జర్మన్‌లో రాసింది 'దస్ ఇష్', అంటే ఇంట్లో వాడుకునే మాట, 'నేను'. ఇంగ్లీషు అనువాదంలో అది లాటిన్ వేషం వేసుకుని 'ఈగో' అయింది. అక్కడి నుంచి తెలుగులోకి వచ్చి 'అహం' అయింది. తెలుగులో అహం అంటే తిట్టు, "వాడికి అహం ఎక్కువ" అంటాం. సాంఖ్య దర్శనంలో అహంకారం తిట్టు కాదు, ఇరవై ఐదు తత్త్వాలలో ఒకటి. అనుభవాన్ని 'నాది' అని అంటించే పని దానిది. ఇలా మూడు వేర్వేరు వస్తువులకు ఒకే చీటీ అంటించి, ఒకదాన్ని పెంచితే ఇంకోటి పెరుగుతుందని భయపడుతున్నాం.

ఆయనకు చెప్పింది ఇది: నేను బలపరచాలనుకుంటున్నది గర్వాన్ని కాదు. నిద్ర పట్టకపోతే భార్యను లేపి "నాకు బాగా లేదు" అని చెప్పగలిగే శక్తిని. ఆ వాక్యంలో 'నాకు' లేకపోతే ఆవిడకు ఏం అర్థమవుతుంది?

నవ్వారు. నేను చూసిన మొదటి నవ్వు అది.

తూర్పు 'నేను'ను విప్పుతుంది, పడమర 'నేను'ను కడుతుంది అని మా వృత్తిలో ఒక తేలిక మాట ఉంది. నాకది సగమే నిజమనిపిస్తుంది. యమనియమాలతో మొదలుపెట్టే యోగంలో కట్టే పని చాలానే ఉంది, మన మాటల్ని మనకే వినిపించి ప్రశ్నించే మనోవిశ్లేషణలో విప్పే పని తక్కువేం కాదు.

పదకొండో శ్లోకం

గీత ఆయనకు కంఠస్థం. తమ్ముడి గురించి ఎప్పుడు అడిగినా రెండో అధ్యాయం ఎత్తేవారు. దుఃఖించకూడని వారి గురించి దుఃఖిస్తున్నావు, పండితులు పోయినవారి కోసం గానీ ఉన్నవారి కోసం గానీ శోకించరు అనే శ్లోకం. చదివే తీరు చాలా బాగుండేది. చదవడం అయిపోయాక గదిలో మాట్లాడటానికి ఏమీ మిగిలేది కాదు.

ఆరో సెషన్‌లో అడిగాను: "అది రెండో అధ్యాయంలో ఎన్నో శ్లోకం?"

"పదకొండు."

"దానికి ముందు?"

కాసేపు ఆగారు. మొదటి అధ్యాయంలో 47, రెండో దాంట్లో 10, మొత్తం 57. ఆ మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అవయవాలు పట్టుతప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, ఒళ్లు వణుకుతోంది, విల్లు చేతిలోంచి జారిపోతోంది, చర్మం మండుతోంది, నిలబడలేకపోతున్నాను, మనసు గిర్రున తిరుగుతోంది. ఇవన్నీ అర్జునుడు ఒక్కొక్కటిగా చెప్పుకుంటాడు. క్లినిక్‌లో ఎవరైనా చెబితే నేను ప్యానిక్ అటాక్ అని రాసుకునే జాబితా ఇది.

ఆయన ఊరుకోలేదు. "కానీ కృష్ణుడు వెంటనే తిట్టాడు కదా మేడమ్, పిరికితనం వదులు అని. పదకొండు దాకా ఆగలేదు."

మంచి ప్రశ్న. నేను సిద్ధంగా లేను, పుస్తకం తీసి ఇద్దరం చూశాం. నిజమే, రెండో శ్లోకంలోనూ మూడో శ్లోకంలోనూ మందలింపు ఉంది. తర్వాత ఏం జరిగింది? అర్జునుడు లేచాడా? లేవలేదు. భీష్ముణ్ని, ద్రోణుణ్ని ఎలా కొట్టను అని మళ్లీ మొదలుపెట్టాడు. ఏడో శ్లోకంలో నీ శిష్యుణ్ని, దారి చెప్పు అన్నాడు. తొమ్మిదో దాంట్లో యుద్ధం చెయ్యను అని మౌనంగా కూర్చున్నాడు. అంటే ఆ మందలింపు పని చెయ్యలేదు. ఉన్నదంతా బయటికి వచ్చి, సాయం అడిగి, చివరికి మాట ఆగిపోయాకే అసలు బోధ మొదలైంది.

"మీకు మీరే రెండో శ్లోకం చెప్పుకుని, నేరుగా పదకొండుకి గెంతారేమో" అన్నాను.

ఆయన పుస్తకం మూయలేదు. మిగిలిన పది నిమిషాలూ ఆ పేజీ మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. నేను కూడా ఏమీ అనలేదు.

అమెరికన్ సైకోథెరపిస్ట్ జాన్ వెల్‌వుడ్, తనూ బౌద్ధ సాధకుడే, 1984లో దీనికో పేరు పెట్టాడు: స్పిరిచువల్ బైపాసింగ్. తేలని మానసిక గాయాల మీదుగా అడుగు పెట్టకుండా ఆధ్యాత్మికతను వంతెనగా వాడుకోవడం. పేరు కొత్తదే గానీ రోగం పాతది. అయిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు మైత్రి, కరుణ, ముదిత, సమభావం అనే నాలుగు గుణాలకూ ఒక్కొక్క దగ్గరి శత్రువు ఉంటుందన్నాడు. సమభావానికి దూరపు శత్రువులు రాగద్వేషాలు, వాటిని ఎవరైనా పోల్చుకుంటారు. దగ్గరి శత్రువు తెలియనితనం వల్ల వచ్చే ఉదాసీనత. అది సమభావం బట్టలే వేసుకుని వస్తుంది. దానికి బృందంలో అందరూ దండం పెడతారు కూడా. తమ్ముడు పోయిన వారానికే ఈయన సాధనకు వెళ్తే, అక్కడి పెద్దాయన అందరి ముందూ "చూడండి, స్థితప్రజ్ఞత అంటే ఇదీ" అన్నారట. ఆ మాట తర్వాత ఏ మనిషి ఏడవగలడు?

రాత్రి మాత్రమే

"రాత్రి ధ్యానంలో మాత్రమే" అని నా నోట్స్‌లో మొదటి రోజే రాసి ఉంది. దాన్ని నేను ఏడో సెషన్ దాకా మళ్లీ చదవలేదు. చదివాక అడిగాను: అదే ఆసనం, అదే మనిషి, మరి పొద్దున ఎందుకు రాదు?

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. కాసేపు వెతికి, తెర నావైపు తిప్పారు. స్క్రీన్‌షాట్. తమ్ముడి నంబర్ నుంచి రెండు మిస్డ్ కాల్స్. 9:12, 9:14.

ఆ రాత్రి ఆయన ధ్యానంలో ఉన్నారు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి కుడిపక్కన పెట్టుకోవడం అలవాటు. పది గంటలకు లేచి చూసి, పొద్దున చేద్దాంలే అనుకున్నారు. పదకొండున్నరకు వేరే నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రెండు కాల్స్ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడమెందుకో తనకే తెలియదన్నారు. "వాడి ప్రారబ్ధం, మేడమ్. నేను ఎత్తినా జరిగేదే."

వాడి. పద్నాలుగు నెలలుగా 'ఆ జీవుడు', 'ఆ ఆత్మ' అయిన మనిషి ఆ క్షణంలో 'వాడు' అయ్యాడు. ఆయన గమనించలేదు. నేను గమనించి, గమనించినట్టు చెప్పలేదు. చెబితే మళ్లీ జీవుడు అయిపోతాడని భయం.

ఇప్పుడు బొమ్మ అర్థమైంది. రాత్రి తొమ్మిదికి ఆ చోట కూర్చోవడం అంటే ఆ రెండు కాల్స్ మళ్లీ మోగకుండా మోగడం. బిహేవియరిస్ట్ దీన్ని కండిషనింగ్ అంటాడు, అంటే ఆ చోటుకీ ఆ సంఘటనకీ ముడిపడిపోవడం. యోగి సంస్కారం అంటాడు, అంటే పాత అనుభవం మనసులో వదిలిన ముద్ర. వివరణలు వేరైనా, ఆ గంటలో ఆ గొంతు ఎందుకు బిగుసుకుంటుందో రెండూ చెప్పగలవు. పతంజలి యోగసూత్రాల్లో సమాధి పాదంలోని 31వ సూత్రం దుఃఖం, మనసు కుంగడం, అవయవాల వణుకు, శ్వాస అదుపు తప్పడం, ఈ నాలుగింటినీ చిత్త విక్షేపానికి, అంటే మనసు చెదరడానికి, తోడు వచ్చేవిగా లెక్కపెడుతుంది. పురోగతి గుర్తులుగా కాదు. ఈ సూత్రం చూపిస్తే ఆయన ఆశ్చర్యపోయారు. అయితే ఇక్కడ నేను మోసం చెయ్యకూడదు. కశ్మీర శైవంలో కంపాన్ని లోపలికి వెళ్తున్నదానికి గుర్తుగానే చెప్పారు. 'తూర్పు' అనేది ఒక్క మనిషి కాదు, ఒక్క మాట మీద నిలబడదు. ఆయన బృందం చెప్పింది గాలిమాట కాదు, వేరే సంప్రదాయపు మాట. అది ఈ మనిషి ఈ రాత్రికి వర్తిస్తుందా అన్నదే మా ముందున్న పని.

ఒక చిన్న ఒప్పుకోలు. చెయ్యి కుడివైపుకే ఎగురుతోంది, ఫోన్ ఉండేది కుడివైపే. ఆ రాత్రి ఎత్తలేని ఫోన్‌ను చెయ్యి ఇప్పుడు అందుకోబోతోంది అనిపించింది నాకు. చెప్పేశాను కూడా. ఆయన ఒప్పుకోలేదు: "నేను కుడిచేతివాటం మనిషిని మేడమ్, ఎగిరితే అదే ఎగురుతుంది." ఆ వ్యాఖ్యానం నాకు బాగా నచ్చింది, అందుకే దాన్ని పక్కన పెట్టాను. నాకు నచ్చడానికీ ఆయన జబ్బుకీ సంబంధం లేదు.

చేసిన పని

మొదట చేసింది చాలా చిన్న పని. "బాధ వచ్చింది, చూశాను, పోయింది" అనే మూడు ముక్కల్లో మధ్యదాన్ని సాగదియ్యడం. ఎక్కడ వచ్చింది? మనసులో అనేవారు. ఒంట్లో ఎక్కడ? తెలియదు. పన్నెండేళ్ల సాధకుడికి గొంతులో ఏముందో తెలియదు, ఎందుకంటే అక్కడికి వెళ్లేలోపే సాక్షి స్థానానికి ఎక్కి కూర్చునేవారు. సతిపట్ఠానంలో, అంటే బౌద్ధుల ఎరుక సాధనలో, కాయం (ఒళ్లు) తర్వాత వేదన, అంటే సుఖమో దుఃఖమో రెండూ కానిదో ఆ స్పర్శ, ఆ తర్వాతే చిత్తం (మనసు). ఈయన వేదన మెట్టు దాటేశారు. పొద్దున ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు ఆ మెట్టు మీదే ఉండమన్నాను. గొంతులో బరువు, దుఃఖం. అరికాలి కింద చల్లదనం, సుఖం. అంతే, దాన్నుంచి తత్త్వం తియ్యొద్దు.

ఆయనకు బుద్ధుడి రెండు బాణాల ఉపమానం తెలుసు. బాణం తగిలితే ఒంటికి నొప్పి, దాని గురించి మనసు పడే యాతన రెండో బాణం. జ్ఞానికి రెండోది తగలదు. ఆయన దాన్ని జ్ఞానికి ఏ బాణమూ తగలదు అని పట్టుకున్నారు. ఆ ఉపమానం ఉన్న సుత్తంలో, అంటే బుద్ధుడి ఉపదేశంలో, మొదటి బాణం జ్ఞానికీ అజ్ఞానికీ ఇద్దరికీ తగులుతుంది. ఈ ఒక్క దిద్దుబాటుకు మూడు వారాలు పట్టింది.

పద్నాలుగో సెషన్‌లో అసలు పని చేశాం. మా భాషలో ఇమేజరీ రీస్క్రిప్టింగ్. జరిగినదాన్ని మార్చడం కాదు, ఆ క్షణంలో ఇరుక్కున్నదానికి కదిలే చోటు ఇవ్వడం. ముందే అంతా వివరించి, ఎప్పుడైనా ఆపొచ్చని చెప్పాను. కళ్లు మూసుకున్నారు. రాత్రి తొమ్మిది దాటింది. ఆసనం. కుడిపక్కన ఫోన్. అది అదురుతోంది. తీసుకోండి అన్నాను.

చెయ్యి ఎగరలేదు. నెమ్మదిగా లేచి చెవి దగ్గరికి వెళ్లింది. చాలాసేపు ఏమీ లేదు. గొంతు దగ్గర కండరాలు కదలడం కనిపిస్తోంది. తర్వాత, నేను అంతవరకు వినని గొంతుతో:

"ఏంట్రా."

అంతే అన్నారు. రెండోసారి "చెప్పరా" అని, ఇక మాట రాలేదు. ఏడుపు వచ్చింది, అది అందంగా ఏం లేదు. ముక్కు కారింది, దగ్గు వచ్చింది, ఊపిరి ఎగబీలింది. నేను టిష్యూలు దగ్గరికి జరిపి, పాదాలు నేల మీద ఉన్నాయో లేదో గుర్తుచేస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు పట్టింది. సెషన్ టైమ్ దాటింది, బయట వేచి ఉన్నవాళ్లకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఐదారు సెషన్లు అపరాధ భావం మీద. ఫోన్ ఎత్తి ఉంటే ఏమయ్యేది? మాకెవరికీ తెలియదు. ఎత్తినా జరిగేదే అన్నది ప్రారబ్ధం పేరుతో ఆయన చేసుకున్న తీర్పు. నేను ఎత్తి ఉంటే బతికేవాడు అన్నది దాని కింద దాక్కున్న తీర్పు. రెండూ తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేవే. జరిగిపోయాక అన్నీ ముందే తెలిసినట్టు కనబడటం గురించి కాగ్నిటివ్ థెరపీకి మంచి పనిముట్లున్నాయి, అవి వాడాం. ఇక్కడ శ్లోకాలు వాడలేదు, అవసరం రాలేదు.

ఇంట్లో

పదహారో సెషన్ తర్వాత ఆయన భార్య ఫోన్ చేశారు. "నిన్న ప్లేటు విసిరేశారండీ. పెళ్లయి పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ లేదు. ఇదేనా మీ వైద్యం?"

ఆవిడ అడగడంలో న్యాయం ఉంది. ఎవరికీ తగల్లేదు, ఆయనే ముక్కలు ఏరారు, కూతురికి క్షమాపణ చెప్పారు. మూసిన తలుపు తెరిస్తే దుఃఖంతో పాటు కోపం కూడా వస్తుందని నేను ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. తర్వాతి వారం ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఆ రోజే రెండు మిస్డ్ కాల్స్ సంగతి ఆయన ఆవిడకు చెప్పారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ మీకు బాధ లేదనుకుని మిమ్మల్ని తిట్టుకున్నానండీ" అన్నారు ఆయనతో.

ఎక్కడిదాకా వచ్చాం

మొత్తం 22 సెషన్లు. చివర్లో పీహెచ్‌క్యూ-9లో 5, జీఏడీ-7లో 6. నిద్ర కుదిరింది. చెయ్యి నెలకు ఒకటి రెండుసార్లు ఇంకా ఎగురుతుంది, దానికి ఆయన ఇప్పుడు భయపడటం లేదు. ధ్యాన బృందానికి వెళ్తున్నారు. పెద్దాయనతో ఆ స్థితప్రజ్ఞత మాట గురించి మాట్లాడారో లేదో నేను అడగలేదు.

మొదటి రోజు ప్రశ్నకు నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు. చివరి సెషన్‌లో ఆయనే మళ్లీ ఎత్తారు: "కుండలిని అంటారా, కాదంటారా?" దుఃఖం కదిలిందని చెప్పగలను, అంతకు మించి కదిలిందా అన్నది చెప్పే అర్హత నాకు లేదు అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టే కనిపించారు. నాకైతే పూర్తిగా తృప్తి లేదు. పదేళ్లు కూర్చున్న సాధకుడికే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి, నేను బయటి నుంచే చూశాను.

మూడు నెలల తర్వాత ఫాలో-అప్‌కు వచ్చారు. రాత్రి ధ్యానం మళ్లీ మొదలుపెట్టారట, అరగంట. ఫోన్ పక్కనే పెట్టుకుంటున్నారు, సైలెంట్ తీసేసి. మా లెక్కలో ఇది సేఫ్టీ బిహేవియర్, అంటే భయంతో చేసే జాగ్రత్త, ఆందోళనను పూర్తిగా చల్లారనివ్వదు, నెమ్మదిగా మానిపించాలి. అదే ఆయనతో అన్నాను.

"మానేస్తాను మేడమ్, కొన్నాళ్లు పోనివ్వండి" అన్నారు. "మొన్న మోగింది కూడా. సగంలో లేచి ఎత్తాను."

"ఎవరు?"

"లోన్ కావాలా సార్ అని." నవ్వారు. "వద్దమ్మా అని చెప్పి, మళ్లీ వెళ్లి కూర్చున్నాను."